నూటికి ఏడు, ఏడాదికి

ఆ కాగితం ఇప్పటికీ నా పాటల పుస్తకం అట్ట లోపల ఉంది. నాలుగు మడతలు పెట్టిన గళ్ళ కాగితం. మడతల దగ్గర చిరిగితే టేపు వేశాను. పై వరుసలో బ్యాంకుల పేర్లు ఉండవు. నాకు గుర్తుండేలా నేను పెట్టుకున్న పేర్లుంటాయి: గడియారం బ్యాంకు, టోస్టర్ బ్యాంకు, డోనట్ల కొట్టు పక్కది, మా ఆయన కంపెనీ క్రెడిట్ యూనియన్. గర్వపడకూడదని ఆదివారపు బడిలో నేర్చుకుని పెరిగినదాన్ని. ఈ ఒక్క కాగితం విషయంలో మాత్రం ప్రభువు నన్ను చూసీ చూడనట్టు ఊరుకుంటాడని నా నమ్మకం.

మేము మిషిగన్‌లో ట్రాయ్ చుట్టుపక్కల ఉన్న ముప్పై నాలుగు తెలుగు కుటుంబాలం. మగవాళ్ళలో సగానికి పైగా కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. ఆడవాళ్ళలో నర్సులు ఎక్కువ. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసేదాన్ని. మాకు సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌ను ఆదివారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా అద్దెకు తీసుకునేవాళ్ళం. ఐదుకు అయిదు నిమిషాలుండగా అక్కడి వాచ్‌మన్ తలుపు తెరిచి, తాళాల గుత్తి ఊపుతూ నిలబడేవాడు. ఎంతటి ప్రసంగమైనా ఆ తాళాల చప్పుడుకు ముగియాల్సిందే. పిల్లలు దాన్నే ఆఖరి ఆమెన్ అనేవాళ్ళు.

సొంత మందిరం కోసం నిధి ఒకటి మొదలుపెట్టింది ఆడవాళ్ళు. మా కోస్తా ఊళ్ళలో క్రైస్తవ స్త్రీలు అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తారు. అది దేవుడి వంతు. వారం చివర గుడికి తెస్తారు. ఇక్కడ బియ్యం తెస్తే కొనేవాళ్ళెవరు? అందుకని కుక్కర్ పెట్టినప్పుడల్లా ఒక క్వార్టర్ నాణెం, అంటే పావు డాలరు, ఖాళీ కాఫీ డబ్బాలో వేయడం మొదలుపెట్టాం. దాన్ని పిడికెడు డబ్బా అనేవాళ్ళం. తరువాత మగవాళ్ళు చెక్కులు రాశారు. కన్వెన్షన్ సభల్లో కానుకలు పట్టాం. 1982 నాటికి నిధి పద్దెనిమిది వేల డాలర్లకు దగ్గరపడింది.

ఆ సంవత్సరమే నన్ను కోశాధికారిని చేశారు. మా సంఘంలో ఆ పని చేసిన మొదటి ఆడమనిషిని నేనే. నా ప్రజ్ఞ చూసి కాదు. అంతకుముందు చేసినాయన ఉద్యోగం పోయి టెక్సాస్‌ వెళ్ళిపోయాడు. పాస్‌బుక్ నా చేతికి వచ్చింది.

ఆ వేసవిలోనే దేవుడు ఒక తలుపు తెరిచాడు. ఊరి చివర ఒక చిన్న ఇటుక మందిరం ఉండేది. జర్మనీ నుంచి వచ్చిన కుటుంబాలు ఎప్పుడో కట్టుకున్నది. వాళ్ళలో పదకొండు మంది ముసలివాళ్ళు మిగిలారు. వాళ్ళ పాస్టరు 1984 ఈస్టర్‌కు రిటైరవుతున్నాడు. ఆ తరువాత మందిరం అమ్మేస్తారు. కార్పెట్ల వ్యాపారి ఒకడు ఎక్కువిస్తానన్నా, విశ్వాసులకే ఇస్తామని మాకు కబురు పెట్టారు. ఆ ఈస్టర్‌కల్లా ఇరవై ఐదు వేలు డౌన్ పేమెంట్ తెస్తే మందిరం మాది. తేలేకపోతే కార్పెట్లది.

కంపెనీల్లో లేఆఫ్‌లు జరుగుతున్న రోజులవి. వారం వారం కానుకలు తగ్గుతున్నాయి. నెలకు రెండు వందల యాభై కంటే రావని పెద్దలు లెక్క చెప్పారు. అలాగైతే వడ్డీ కాక ఈస్టర్‌కు ఇరవై మూడు వేల దగ్గర ఆగిపోతాం. మిగతా రెండు వేలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ ప్రశ్న నా ఒళ్ళో పడింది.

జవాబు పాస్‌బుక్‌లో దొరికింది. జూన్ చివర బ్యాంకు వేసిన వడ్డీ చూశాను. నేను రోజుల లెక్కన కట్టుకున్నదానికంటే ముప్పై నాలుగు డాలర్లు తక్కువ వేశారు. మా నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. అసలు, వడ్డీ రేటు, కాలం అన్న మూడు మాటలు నాకు అక్షరాలతోపాటే వచ్చాయి. నా లెక్క తప్పదు. బ్యాంకే తప్పు చేసిందనుకుని లంచ్ టైములో వెళ్ళాను.

కౌంటర్‌లో అమ్మాయి నా కాగితం చూసి, "యువర్ మ్యాథ్ ఈజ్ ఫైన్, మేడమ్" అంది. తరువాత ఒక కరపత్రం తీసి, సన్న అక్షరాల మీద వేలు పెట్టింది. ఆ బ్యాంకు ఐదుంపావు శాతం ఇచ్చేది మూడు నెలల్లో అన్నిటికంటే తక్కువగా ఉన్న నిల్వ మీద. మేము ఏప్రిల్‌లో కన్వెన్షన్ హాలుకు మూడు వేలు తీశాం. పన్నెండు రోజులకు మళ్ళీ కట్టేశాం. ఆ పన్నెండు రోజుల కోసం మూడు నెలల వడ్డీ మూడు వేల మీద పోయింది.

బయటకొచ్చి కారులో కూర్చున్నాను. ముప్పై నాలుగు డాలర్లంటే నూట ముప్పై ఆరు సార్లు కుక్కర్ పెట్టడం. ఎవరో ఒక తల్లి నూట ముప్పై ఆరు సార్లు డబ్బాలో నాణెం వేస్తే ఆ సన్న అక్షరాలు తినేశాయి. అక్కడే కారులోనే నిశ్చయించుకున్నాను, ఈ ఊళ్ళో సొమ్ము దాచే చోటల్లా చూసి వస్తానని.

జులై, ఆగస్టు నెలలు అరగంట లంచ్ టైముల్లో ఆ పని చేశాను. శాండ్‌విచ్ కారులో తినేదాన్ని. ప్రతిచోటా అవే ఆరు ప్రశ్నలు: రేటెంత, ఏ నిల్వ మీద కడతారు, ఎన్నాళ్ళకోసారి జమ చేస్తారు, కనీసం ఎంత ఉంచాలి, అడిగిన రోజు ఇస్తారా, ప్రభుత్వ హామీ ఉందా. రెండో ప్రశ్న దగ్గర చాలామంది నన్ను తలెత్తి చూసేవాళ్ళు. గడియారం బ్యాంకులో ఒకాయన లోపలికెళ్ళి మేనేజర్ని అడిగి వచ్చాడు. తన బ్యాంకు సంగతి తనకే అప్పుడు తెలిసినట్టుంది.

టోస్టర్ బ్యాంకులో కొత్త ఖాతాకు టోస్టర్ బహుమతి. నాకు టోస్టర్ వద్దు, పావు శాతం ఎక్కువివ్వండి అన్నాను.

"సారీ మేడమ్, మీరు కావాలంటే దానికి బదులు ఎలక్ట్రిక్ దుప్పటి ఇస్తాం" అన్నాడతను.

మా ఆయన ఆ మాట విని నెల రోజులు నవ్వాడు. ఇంట్లో చలేస్తే, "దేవుడి పేర ఒక దుప్పటి తేలేకపోయావు" అనేవాడు.

పత్రికల్లో మనీ మార్కెట్ ఫండ్ల ప్రకటనలు వచ్చేవి. అవి అందరికంటే ఎక్కువ ఇచ్చేవి. కానీ వాటికి ఆరో ప్రశ్న, ప్రభుత్వ హామీ, దగ్గర 'లేదు' అని రాయాల్సి వచ్చింది. నా సొంత సొమ్మయితే ఏమో. ఇది ముప్పై నాలుగు వంటిళ్ళ సొమ్ము.

చివరికి అందరికంటే ముందు నిలిచింది మా ఆయన కంపెనీ క్రెడిట్ యూనియన్. ప్లాంటు ఎదుటి చిన్న భవనం. టోస్టర్లు లేవు, గడియారం లేదు. పనివాళ్ళు తమ పొదుపు తామే పోగేసుకుని, అందులోంచి తామే అప్పులు తీసుకునే చోటు. వాళ్ళది ఏడు శాతం, రోజువారీ నిల్వ మీద. ప్రభుత్వ హామీ ఉంది. కంపెనీ ఉద్యోగులు సభ్యులుగా ఉన్న సంఘాలు కూడా చేరవచ్చు. మా సంఘంలో ఆ కంపెనీ ఉద్యోగులు పదకొండు మంది.

ఇంకొకటి కూడా రాసుకున్నాను. నెలలో పదో తారీఖులోగా కడితే ఒకటో తారీఖు నుంచి లెక్క కడతారు. మా పాత బ్యాంకు సెప్టెంబరు చివర వడ్డీ వేస్తుంది. ఆ మర్నాడు సొమ్ము తీసి పదిలోగా ఇక్కడ కడితే ఒక్క రోజు కూడా పోదు. పది దాటితే నెల పోతుంది. అక్టోబరు మొదటి పది రోజులే మాకున్న సందు.

పెద్దల ముందు కాగితం పెట్టాను. ఒప్పుకున్నారు. సంఘం అంతా ఏకమనస్సుతో సరేనంటేనే ఏ పనైనా చేయడం మా పద్ధతి. ఓట్లు లెక్కపెట్టం. ఒక్కరు వద్దన్నా ఆగి ప్రార్థన చేస్తాం. అందుకని మా సంఘపు ఆదివారం పత్రికలో ప్రకటన వేయాలి. తెలుగు టైపు లేదు గనుక ఆ పత్రికను నేనే చేత్తో రాసి ఆఫీసులో కాపీలు తీయించేదాన్ని. ఇలా రాశాను: "మందిర నిధిని నూటికి ఏడు వడ్డీ వచ్చు క్రెడిట్ యూనియన్‌లో ఉంచుటను గూర్చి ఆరాధన అనంతరం సంఘము ఆలోచించును."

అదీ నేను చేసిన తప్పు. ఎక్కడుందో ఆ రోజు నాకు కనబడలేదు.

అక్టోబరు మూడో తారీఖు ఆదివారం. ఆరాధన అయ్యాక కాగితం పట్టుకుని లేచాను. నాలుగు మాటలు చెప్పానో లేదో, మొదటి వరుసలో పెద్దయ్యగారు కర్ర ఆనించుకుని లేచి నిలబడ్డారు. ఆయన కృష్ణా జిల్లాలో నలభై ఏళ్ళు మిషన్ స్కూలు నడిపి, లెక్కలూ వాక్యమూ చెప్పిన మనిషి. కొడుకు దగ్గరకు వచ్చి ఎనిమిది నెలలైంది. మా సంఘంలో సగం మంది చిన్నప్పుడు ఆయన బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళో, వాళ్ళ చెల్లెళ్ళో.

"అమ్మాయ్, ఈ మాట నువ్వే రాశావా?" అన్నారు పత్రిక చూపించి.

"అవునండి అయ్యగారూ."

"నూటికి ఏడా?"

"ఏడేనండి. ఊరంతా తిరిగాను. ఇంతకంటే ఎక్కువ ఎక్కడా రాదండి."

ఆయన ముఖంలో రంగు మారింది. "ఇంతకంటే ఎక్కువ కావాలని కూడా తిరిగావన్నమాట. మంచిది. ఆ సొమ్ముతో కట్టిన గుళ్ళో నేను అడుగు పెట్టను. నాకు ఈ బేస్‌మెంటే చాలు." అని కూర్చున్నారు.

వెనక వరుసలో ఉన్న ఒక యువ ఇంజనీరు, అప్పటికి పెళ్ళికాని కుర్రాడు, "తాతగారూ, సెవెన్ పర్సెంట్ ఈజ్ నథింగ్ అండీ. నా కార్ లోన్‌కే వాళ్ళు పద్నాలుగు తీసుకుంటున్నారు" అన్నాడు.

"పద్నాలుగా?" పెద్దయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, ఈ బిడ్డల్ని ఏ దేశానికి తెచ్చావు."

ఆ కుర్రాడి మాట మంటలో కిరసనాయిలు పోసినట్టయింది. ముసలమ్మలిద్దరు గుసగుసలాడుకున్నారు. తాళాల చప్పుడు వినిపించింది. మా పెద్దలు ప్రార్థన చేసి, మళ్ళీ ఆదివారం మాట్లాడదామన్నారు. మళ్ళీ ఆదివారం అంటే పదో తారీఖు. బ్యాంకులకు సెలవు.

ఇంటికొస్తుంటే కారులో నాకు కన్నీళ్ళాగలేదు. వడ్డీ పాపమని ఆయన నమ్మితే ఆయనతో వాదించేంతటిదాన్ని కాదు. పేదవాడి దగ్గర వడ్డీ గుంజకూడదని ధర్మశాస్త్రంలో ఉందని నాకూ తెలుసు. యజమాని అప్పగించిన సొమ్మును వడ్డీకైనా ఇవ్వక భూమిలో పాతిపెట్టిన దాసుడు చీవాట్లు తిన్న ఉపమానమూ నాకు తెలుసు. రెండూ ఒకే నోట వచ్చినవే. మా ఆయన ఒక్కటే అన్నాడు, "వెళ్ళి అడుగు. బ్యాంకువాళ్ళని ఆరు ప్రశ్నలడిగావు. ఆయన్ని ఒక్కటీ అడగలేదు."

మంగళవారం సగం రోజు సెలవు పెట్టి, కాగితం తీసుకుని వెళ్ళాను. పెద్దయ్యగారు కొడుకు ఇంట్లో కిటికీ పక్క కూర్చుని వాక్యం చదువుకుంటున్నారు. కోడలు డ్యూటీకి వెళుతూ నాకు కాఫీ ఇచ్చి వెళ్ళింది.

"వందనాలండి అయ్యగారూ."

"వందనాలు. కూర్చో. కోపంతో అన్నానని అనుకోకు. చూసినవాణ్ణి గనుక అన్నాను."

"ఏం చూశారండి?"

ఆయన పుస్తకం మూశారు. "మా నాన్న నూట యాభై రూపాయలు తీసుకున్నాడు, మా అక్క పెళ్ళికి. మూడు రూపాయల వడ్డీ. ఐదేళ్ళు కట్టాడు. కట్టీ కట్టీ చివరికి ఎకరం పొలం పోయింది. వాడు కరకు మనిషి, కాదనను. కానీ వాడు కూడా మూడు దాటలేదమ్మా. నువ్వు ఏడంటున్నావు. ఆ కుర్రాడు పద్నాలుగంటున్నాడు. మనం పుచ్చుకునే ఏడు ఎవడి పొలంలోంచి వస్తుందో ఆలోచించావా?"

కాఫీ నోట్లోనే ఉండిపోయింది. మూడు రూపాయల వడ్డీ. మా నాన్న నోట ఎన్నిసార్లు విన్నాను ఆ మాట. మా ఊళ్ళలో వడ్డీ అంటే నూటికి నెలకు ఎంత అనే లెక్క. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. నెల అని ఎవరూ విడిగా చెప్పరు. చెప్పాల్సిన పని లేదు.

"అయ్యగారూ, మూడంటే నెలకు కదండీ?"

"మరి వడ్డీ నెలకు కాక ఇంకెలా ఉంటుంది?"

"ఇది ఏడాదికండీ."

ఆయన నా వైపు చూశారు. వినపడలేదనుకుని మళ్ళీ చెప్పాను. "నూటికి ఏడు, ఏడాదికి. ఇక్కడ అన్నీ ఏడాది లెక్కేనండి. నేను రాయలేదు. అసలు రాశాను, రేటు రాశాను, కాలం రాయలేదు. తప్పు నాదండి."

ఆయన కుడిచేతి వేళ్ళ కణుపుల మీద బొటనవేలు కదిలింది. పెదవులు కదిలాయి. ఏడును పన్నెండుతో భాగిస్తున్నారని తెలిసింది. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి.

"అర్ధరూపాయి చిల్లర వడ్డీ" అన్నారు చివరికి.

"అంతేనండి."

"అర్ధరూపాయి చిల్లరకేనా నేను సంఘాన్ని ఆపాను?" ఆ తరువాత భుజాలు కదలడం మొదలైంది. కళ్ళజోడు తీసి పంచె అంచుతో కళ్ళు తుడుచుకున్నారు. నవ్వుతున్నారు. "ఇంత తక్కువైతే నువ్వు మోసపోతున్నావేమోనమ్మా. సరిగా బేరమాడావా?"

"ఊరంతా తిరిగానండి."

"ఆ కాగితం ఇటివ్వు."

గంటసేపు చూశారు. ప్రతి గడీ అడిగారు. అడిగిన రోజు సొమ్ము ఇస్తారా అన్న గడి దగ్గర, "ఇది ఎవరు నేర్పారు నీకు?" అన్నారు. మా నాన్న అన్నాను. తల ఊపారు. అయినా ఒక ముడి మిగిలింది. "ఈ యూనియన్ అంటే ఏమిటి? సమ్మెలు చేసేవాళ్ళా? దేవుడి సొమ్ము సమ్మెలకు పోతుందని మా కోడలి తల్లి అంటోంది."

"మీరే వచ్చి చూడండి అయ్యగారూ" అన్నాను.

గురువారం మధ్యాహ్నం మా ఆయన కారులో ముగ్గురం వెళ్ళాం. పెద్దయ్యగారు కోటు వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని వచ్చారు. షిఫ్టు మారే సమయం. లోపల పది పన్నెండు మంది పనివాళ్ళు లైన్లో ఉన్నారు. నూనె మరకల బట్టలు, చేతుల్లో లంచ్ డబ్బాలు. ఆయన ఎక్కడా కూర్చోకుండా అందరినీ చూస్తూ నిలబడ్డారు. మాతో మాట్లాడిన నల్లజాతి అధికారిణి ఆయనకు కుర్చీ వేసింది. ఆయన అడిగినదల్లా నేను ఇంగ్లీషులో చెప్పాను, ఆమె చెప్పింది తెలుగులో చెప్పాను.

"మాకిచ్చే వడ్డీ ఎవరు కడతారు?"

ఆమె లైన్లోవాళ్ళ వైపు చెయ్యి చూపింది. వాళ్ళే, అంది. ఇంట్లో వేడినిచ్చే ఫర్నేస్ పాడైతే, కారు పాడైతే ఇక్కడే తీసుకుంటారు. బయటకంటే తక్కువకు ఇస్తాం. మిగిలింది మళ్ళీ సభ్యులకే పంచుతాం. మేము దాన్ని వడ్డీ అనం, డివిడెండ్ అంటాం.

"పనిపోయినవాడు కట్టలేకపోతే ఇల్లు లాక్కుంటారా?"

ఈ ఏడాది చాలామందికి గడువు పెంచాం, అందామె. అందులో తన తమ్ముడు కూడా ఉన్నాడంది.

"ఎక్కువ సొమ్మున్నవాడి మాటకు ఎక్కువ విలువా?"

ఐదు డాలర్లున్నా, యాభై వేలున్నా ఒక్క ఓటే.

ఇది నేను తెలుగులో చెప్పగానే పెద్దయ్యగారు కర్రతో నేల మీద ఒకసారి తట్టారు. "యూనియన్ అని ఎందుకన్నావమ్మా? ఇది మన పరపతి సంఘం. మా ఊళ్ళోనూ పెట్టారు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో. అది రెండేళ్ళు ముందే పెట్టి ఉంటే మా నాన్నకి ఆ ఎకరం మిగిలేది." తరువాత తనే అన్నారు, "సంఘం సొమ్ము సంఘంలో పెట్టడానికి ఆలోచన ఎందుకు?"

ఇంటికెళ్ళి పెద్దలతో మొదలుపెట్టి ప్రతి కుటుంబానికీ ఫోన్ చేయించి సరేననిపించారు. ముసలమ్మలిద్దరికీ తానే నెలకూ ఏడాదికీ తేడా వివరించారట. శుక్రవారం, ఎనిమిదో తారీఖు, పాత బ్యాంకులో చెక్కు తీసుకుని ప్లాంటు ఎదుటి కౌంటర్‌లో కట్టాను. పద్దెనిమిది వేల నాలుగు వందలు. ఒక్క రోజు పోలేదు.

ఆ డిసెంబరులో ప్రభుత్వం బ్యాంకులకు కొత్త రకం ఖాతా తెరవడానికి అనుమతిచ్చింది. మనీ మార్కెట్ ఖాతా. హామీ ఉంటుంది, రేటు మీద పాత కట్టుబాటు ఉండదు. కనీసం రెండు వేల ఐదు వందలు ఉంచాలి. ఊళ్ళో బ్యాంకులన్నీ ఒక్కసారిగా పోటీకి దిగాయి. పత్రికల నిండా పెద్ద పెద్ద అంకెలు. కారు లోను కుర్రాడు ఒక పేజీ చింపి బేస్‌మెంట్‌కు పట్టుకొచ్చాడు.

"అక్కా, టోస్టర్ బ్యాంకే చూడండి, ఫోర్టీన్ పర్సెంట్. మనం ఇంకా సెవెన్‌లో కూర్చున్నాం. మండే మూవ్ చేసేయండి."

నేను నోరు తెరిచేలోగా మొదటి వరుసలోంచి పెద్దయ్యగారు అడిగారు. "ఎంతకాలానికి బాబూ?"

"ఇయర్‌కే తాతగారూ, ఏడాదికే."

"రేటు ఏడాది లెక్కే. ఆ రేటు ఎన్నాళ్ళుంటుందని అడుగుతున్నాను. కింద సన్నగా ఏముందో చదువు."

కుర్రాడు కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు. పద్నాలుగు మొదటి ముప్పై రోజులకే. ఆ తరువాత బ్యాంకు ఇష్టం. అతను చదివి నెమ్మదిగా కూర్చున్నాడు. ముసలమ్మల్లో ఒకామె, "దుప్పటి ఇస్తారేమో అడుగు నాయనా" అంది. ఆ మాట ఆమెదాకా ఎలా వెళ్ళిందో తెలియదు. బేస్‌మెంట్ అంతా నవ్వింది.

ఆ కుర్రాణ్ణి నేను తేలిగ్గా తీసిపారేయలేదు. కొత్త గళ్ళ కాగితం తీసి మళ్ళీ తిరిగాను. ఈసారి అతను కూడా తన లంచ్ టైములో రెండు బ్యాంకులకు వెళ్ళి వచ్చాడు. ఏడో ప్రశ్న ఒకటి చేరింది: ఈ రేటు ఎన్నాళ్ళు. ఫిబ్రవరి చివర మా క్రెడిట్ యూనియన్ కూడా మనీ మార్కెట్ ఖాతా పెట్టింది. ఎర వేసే పెద్ద అంకె లేదు. కానీ మిగతావాళ్ళ రేట్లు దిగిపోయాక నా కాగితం మీద అదే పైన నిలిచింది, ఎనిమిదిన్నర దాటి. పెద్ద మొత్తం దాంట్లోకి మార్చాం. పిడికెడు డబ్బాల సొమ్ము మాత్రం మామూలు ఖాతాలో ఉంచి, కన్వెన్షన్లకూ అద్దెలకూ అందులోంచే తీసేవాళ్ళం. పెద్ద నిల్వను ఎవరూ ముట్టుకోలేదు.

మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ వచ్చిన ఆదివారం నేను లేచి మొత్తం చదివేదాన్ని. మొదట్లో కాగితంలోంచి తలెత్తేదాన్ని కాదు. తరువాత తరువాత ఆ రోజు మంచి చీర కట్టుకుని వెళ్ళేదాన్నని ఒప్పుకోవాలి. ఉద్యోగాలు పోయినవాళ్ళు కానుక సంచిలో ఏమీ వేయలేక తల దించుకునే రోజుల్లో, ఎవరూ కొత్తగా ఏమీ ఇవ్వకపోయినా, వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన నాణేలు పని చేస్తున్నాయని చెప్పగలిగాను. ఒకాయన, తొమ్మిది నెలలుగా పనిలేనివాడు, నా దగ్గరకొచ్చి, "సిస్టర్, నేను పడుకుని ఉన్నా నా పాత కానుక డ్యూటీకి వెళ్తోందన్నమాట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

1984 ఈస్టర్ ముందు వారం లెక్క కట్టాను. ఇరవై ఐదు వేల మూడు వందల ఇరవై డాలర్లు. పాత బ్యాంకులోనే ఉండి ఉంటే ఎంతయ్యేదో కూడా కట్టి చూశాను. దీనికంటే ఏడు వందల యాభై డాలర్లు తక్కువ ఉండేవి, ఇరవై ఐదు వేలకు అందేవాళ్ళం కాదు. ఆ రెండు లెక్కలూ ఎవరికీ చూపించలేదు, మా ఆయనకు తప్ప. ఆయన చూసి, ఈసారి దుప్పటి మాట ఎత్తలేదు.

చెక్కు ఇచ్చే రోజు ఆ ఇటుక మందిరంలోనే కలిశాం. అటు వైపు పదకొండు మంది ముసలివాళ్ళు, ఇటు వైపు మా పెద్దలు, వెనక నేను. వాళ్ళ కోశాధికారి ఎనభై దాటిన ఒకామె. తెల్లటి జుట్టు, మెడలో గొలుసుకు కట్టిన కళ్ళజోడు. చెక్కును రెండుసార్లు చూసి, క్రెడిట్ యూనియన్ పేరు చదివి, కనుబొమలెత్తింది.

"మా సొమ్ము ముప్పై ఏళ్ళు గడియారం ఉన్న బ్యాంకులో ఉంచాను" అంది. "మీకు ఈ చోటు చూపించిందెవరు? మీ కోశాధికారి ఎవరు?"

మా పెద్దలు రెండేళ్ళుగా నన్ను ఆ పనిలో చూస్తున్నవాళ్ళే. అయినా ఆ క్షణాన అందరూ వెనక్కి తిరిగి నన్ను కొత్తగా చూశారు. ఎవరు ఏమని చెబుతారా అని నేను నేల చూపులు చూస్తున్నాను. పెద్దయ్యగారు కర్ర ఆనించుకుని ఒక అడుగు ముందుకేశారు. అమెరికాలో ఆయన ఎవరితోనూ ఇంగ్లీషు మాట్లాడగా మేమెవరం వినలేదు.

"అవర్ సిస్టర్" అన్నారు నన్ను చూపించి. ఇంకేమనాలో ఒక్క క్షణం వెతుక్కున్నారు. "షి కంపేర్స్."

ఆమె లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది. మూడు తాళాలు: ముందు తలుపు, వెనక తలుపు, బేస్‌మెంట్. బేస్‌మెంట్ తాళం పెద్దయ్యగారికిచ్చాను. ఆయన దాన్ని ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "ఇక ప్రసంగం ఎంతసేపైనా చెప్పొచ్చన్నమాట" అన్నారు.

చెప్పారు కూడా. ఈస్టర్ రోజున గంటా ముప్పావు.